ఒక కథ – రెండు దుఃఖాలు

దుఃఖాంత కథలను చూచి కంటతడి పెట్టుకొనేవారిని తేలికచేసి మాట్లాడడం లోకంలో ఒక అలవాటు. కొరియా దేశపు టెలివిజన్ ధారావాహికలు మొదట ఉపగ్రహ ప్రసారాల ద్వారా, ఆపై అంతర్జాలం ద్వారా ఆసియా ఖండమంతటా వ్యాపించిన తరువాత ఈ అలవాటుకు కొత్త ఊతం దొరికింది. వాటిలో కొన్ని నేడు తెలుగు మాటలతోనే లభిస్తున్నాయి. ఇంట్లో యువతీయువకులు వాటిని చూచి కన్నీరు కారుస్తుంటే పెద్దలు పరిహసిస్తారు. నాయికకు జబ్బు తెప్పిస్తే ఎవరైనా ఏడుస్తారు, అందులో గొప్పేమున్నదని వారి వాదం. మనస్సును కదిలించినదానిని గొప్పది కాదని ఎట్లా అంటారని వీరి వాదం. ఈ రెండింటిలోనూ తొందరపాటు ఉన్నది. ఒకే కథలో రెండు రకాల దుఃఖం ఉండవచ్చుననీ, ఒకటి కథ గర్భంలోనుండి పుట్టినదైతే, మరొకటి వెలుపలినుండి తెచ్చి అతికించినది కావచ్చుననీ ఇరుపక్షాలవారూ గమనించరు. ఈ తారతమ్యాన్ని చూపడానికి 'గాయుల్ తోంగ్వా' కంటె తగిన ఉదాహరణ అరుదు.

దక్షిణ కొరియా జాతీయ ప్రసార సంస్థ అయిన కె.బి.ఎస్. ఈ ధారావాహికను 2000వ సంవత్సరం సెప్టెంబరు 18 నుండి నవంబరు 7 వరకు 16 భాగాలుగా ప్రసారం చేసింది. దర్శకుడు యూన్ సోక్-హో. కొరియా భాషలో 'గాయుల్' అంటే శరదృతువు. 'తోంగ్వా' అంటే పిల్లలకు చెప్పే కథ. విదేశాలలో దీనికి 'ఆటమ్ ఇన్ మై హార్ట్' అనే ఇంగ్లీషు పేరు స్థిరపడింది. ఆ పేరులోకి హృదయం వచ్చి చేరింది గాని, పిల్లలు మాయమైనారు. ఇది చిన్న నష్టం కాదు. కథకు మూలమంతా బాల్యంలోనే ఉన్నది.

కథ క్లుప్తంగా ఇది. యూన్ అనే ఇంటిపేరుగల ఆచార్యుని ఇంట జున్‌సో, ఉన్‌సో అన్నాచెల్లెళ్ళుగా పెరుగుతుంటారు. ఒకనాడు ఉన్‌సోను లారీ ఢీకొంటుంది. చికిత్స సందర్భంలో ఆమె రక్తవర్గం తల్లిదండ్రుల రక్తవర్గాలతో పొసగదని తెలుస్తుంది. విచారించగా, పుట్టిన ఆస్పత్రిలోనే ఇద్దరు ఆడశిశువులు తారుమారైనారని బయటపడుతుంది. యూన్ దంపతుల కన్నబిడ్డ షినే. ఆమె ఉన్‌సోతోపాటే చదువుతున్న బాలిక, ఆమెకు పోటీ కూడా. పేదరికంలో, భర్త లేని తల్లివద్ద, చేయిచేసుకొనే అన్న నీడలో ఆమె పెరుగుతున్నది. చివరకు బాలికలిద్దరూ తమ తమ కన్నవారి ఇళ్ళకు చేరుతారు. యూన్ కుటుంబం అమెరికాకు తరలిపోతుంది. పదేళ్ళ తరువాత జున్‌సో చిత్రకారుడై స్వదేశానికి తిరిగివస్తాడు. వేరొక యువతితో అతనికి అప్పటికే వివాహం నిశ్చయమైనది. ఉన్‌సో కుటుంబ పోషణకై ఒక హోటలులో టెలిఫోను ఆపరేటరుగా పనిచేస్తుంటుంది. హోటలు యజమాని కుటుంబానికి చెందినవాడూ, జున్‌సో స్నేహితుడూ అయిన థేసోక్ ఆమెను ప్రేమిస్తాడు. విడిపోయిన తోబుట్టువులు కలుసుకొంటారు. తాము తోబుట్టువులు కామన్న నిజం వారిని మరొక బంధంవైపు నడిపిస్తుంది. పెద్దలు అంగీకరించరు. ఇంతలో ఉన్‌సోకు రక్తకాన్సరు సోకినట్లు తెలుస్తుంది. ఆమె మరణిస్తుంది. చిన్ననాడు ఆమెకు ప్రమాదం జరిగిన తావులోనే జున్‌సోనూ లారీ ఢీకొనడంతో కథ ముగుస్తుంది.

ఇట్లా పది వాక్యాలలో చెబితే ఏ కథ అయినా నవ్వు పుట్టిస్తుంది. యాదృచ్ఛిక ఘటనలు ఇన్ని కలిసిరావడం నమ్మదగినదేనా అన్న సందేహమూ కలుగుతుంది. కాని శిశువుల తారుమారు అన్న ఇతివృత్తాన్ని చూచి తెలుగు పాఠకుడు మాత్రం పెదవి విరవడానికి వీలులేదు. పోతన భాగవతం దశమస్కంధం తెరిస్తే మొదట కనబడేది అదే. దేవకి ఒడిలోని మగశిశువు వ్రేపల్లెకు చేరినాడు. యశోద ప్రక్కలోని ఆడశిశువు చెరసాలకు చేరింది. కృష్ణుని బాల్యలీలలకు మురిసిపోయే లోకం ఆ ఆడశిశువును గురించి ఎన్నడైనా ఆలోచించినదా? కంసుడు ఆమెను నేలకు కొట్టబోగా ఆకాశానికి ఎగసి దేవి అయినది గనుక సరిపోయింది. తన కడుపున పుట్టినది ఆడపిల్ల అన్న సంగతే యశోదకు తెలియలేదు. ఆ పిల్ల దేవత కాక, సామాన్యమైన శిశువే అయి, బ్రతికి, చెరసాలలోనే పెరిగి పెద్దదై, ఒకనాడు వ్రేపల్లెకు తిరిగివస్తే ఎట్లా ఉండేది? ఆ ఇంట ప్రతి వస్తువూ కృష్ణుని పేరే చెబుతుంటే ఆమె మనస్సు ఏమయ్యేది?

ఈ ప్రశ్నకు దొరికే సమాధానమే షినే. ఈ ధారావాహికను చూచినవారిలో అధికులు ఆమెను ద్వేషిస్తారు. అసూయాపరురాలు, కఠినురాలు, ఉన్‌సో సుఖానికి అడ్డుపడినది అని నిందిస్తారు. రచనలో ఆ పాత్ర పట్ల కొంత పక్షపాతం ఉన్నమాటా నిజమే. అయినప్పటికీ నిదానించి చూస్తే షినేకు జరిగిన అన్యాయం ఉన్‌సోకు జరిగినదానికంటె తక్కువది కాదు. తనకు న్యాయంగా చెందవలసిన ఇల్లు, తల్లి, చదువు, శాంతి అన్నీ పుట్టిననాడే చేజారినాయి. తిరిగి దొరికిననాడు, ఆ తల్లి కళ్ళు తనలో వేరొకరిని వెదకుతున్నాయి. పేదరాలి ఇంట ఆకలి ఉన్నది గాని, 'నీవు ఆమెవు కావు' అన్న చూపు లేదు. సంపన్నుల ఇంట అన్నీ ఉన్నాయి. ఆ చూపూ ఉన్నది. బాల్యంలో దెబ్బతిన్న పిల్ల పెద్దయి మృదువుగా మాట్లాడలేదని నిందించడం ప్రేక్షకునికి సులభం. నటి కన్నీరు కార్చినప్పుడు జాలిపడడం ఇంకా సులభం. కన్నీరు కార్చని షినే మీద జాలిపడగలిగినవాడే ఈ కథను పూర్తిగా చూచినవాడు.

పుట్టుకకూ పెంపకానికీ నడుమ బిడ్డ ఎవరికి చెందుతుందన్న ప్రశ్నను భారతం కూడా వేసింది. దానికి తీర్పు చెప్పే అధికారాన్ని బిడ్డకే ఇచ్చింది. రాయబారం విఫలమైన తరువాత శ్రీకృష్ణుడు కర్ణుని తన రథమెక్కించుకొని అతని జన్మరహస్యం చెబుతాడు. పాండవాగ్రజుడవు నీవే, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు తడబడడు. తనకు పాలిచ్చి పెంచిన రాధను, జాతకర్మలు చేయించిన అధిరథుని, భూమండలమంతా ఇచ్చినా విడువలేనంటాడు. కుంతి వచ్చి అడిగినప్పుడూ అతని మనస్సు మారదు. అతడు వయసు వచ్చినవాడు, వీరుడు, మాట నేర్చినవాడు. ఉన్‌సో పాఠశాలకు పోయే పిల్ల. ఆమె ఎటు వెళ్ళినా ఒక తల్లి గుండె పగులుతుంది. ఎటు వెళ్ళినా ఆ పగులుకు తానే కారణమన్న భారాన్ని మోయవలసినది ఆ పసిమనస్సే. ఇటువంటి బరువును ఒక బాలిక తలపైకి రానిచ్చిన పెద్దలలో ఒక్కరూ దుష్టులు కారు. పెంచిన తల్లికి ప్రేమ ఉన్నది. కన్నతల్లికి హక్కూ ఉన్నది, ప్రేమా ఉన్నది. తండ్రి న్యాయంగా నడుచుకోవాలని చూచేవాడే. దుర్మార్గుడు లేకుండానే దుర్ఘటన జరగడం నాటకరచనలో మిక్కిలి కష్టమైన పని. మొదటి రెండు మూడు భాగాలలో ఈ ధారావాహిక ఆ పనిని సాధించింది. చిన్ననాటి ఉన్‌సోగా నటించిన బాలనటి మూన్ గున్-యంగ్‌కు కొరియాలో అంతటి పేరు రావడం ఊరకే జరిగినది కాదు.

శిశువులు తారుమారు కావడానికి కారణమేమిటన్నది మరింత ఆలోచింపజేస్తుంది. లంచం కాదు, కుట్ర కాదు, దాదుల నిర్లక్ష్యమూ కాదు. చెల్లెలిని చూడడానికి వచ్చిన పసివాడు జున్‌సో శిశువుల గదిలోకి దూరి, వారి గుర్తు కాగితాలను ఆటగా అటూ ఇటూ జరిపినాడు. అంతే! తాను జీవితమంతా వెదకబోయే మనిషిని తన ఇంటికి తెచ్చుకొన్నదీ, దూరం చేసుకోవడానికి బీజం వేసినదీ అతని చేతులే. దశరథుడు చీకటిలో శబ్దాన్నిబట్టి బాణం వేసినప్పుడు అక్కడ ఉన్నది ఏనుగనే అనుకొన్నాడు. అయినా పుత్రశోకం తప్పలేదు. కాని దశరథుడు విలుకాడు, పెద్దవాడు. వేటలో తొందరపడినాడన్న దోషమైనా అతనికి అంటుతుంది. జున్‌సోకు ఆ దోషం కూడా అంటదు. దోషం లేనిచోట ఫలితం మాత్రం ఉండడం – ఇక్కడే ఈ కథ పిల్లల కథలకున్న క్రూరత్వాన్ని అందుకొన్నది. బాలల కథలు మెత్తనివని పెద్దలు భ్రమపడతారు గాని, వాటిలో ఒక మాట జారితే రాయి కావడం, ఒక ద్వారం తెరిస్తే సర్వస్వం పోవడం మామూలే.

బాలిక ఇల్లు మారడంతో ఇంటిపేరు కూడా మారుతుంది. యూన్ ఉన్‌సో చోయ్ ఉన్‌సో అవుతుంది. చోయ్ షినే యూన్ షినే అవుతుంది. తెలుగు ప్రేక్షకునికి ఇది చిన్న వివరంగా తోచవచ్చు. కొరియా సమాజంలో అది చిన్నది కాదు. ఆ కాలంలో ప్రతి కుటుంబానికీ పురుషుడే యజమానిగా ఉండే వంశనమోదు పద్ధతి అక్కడ చట్టంలో ఉండేది. దానిని 'హోజు' పద్ధతి అనేవారు. రాజ్యాంగ న్యాయస్థానం 2005లో దానిని తప్పుపట్టగా, అదే సంవత్సరం చట్టం సవరించి, 2008 జనవరి 1 నుండి ఆ పద్ధతిని తొలగించినారు. ఒకే ఇంటిపేరూ, ఒకే మూలస్థానమూ గలవారు పెండ్లాడరాదన్న నిషేధం కూడా 1997లో ఆ న్యాయస్థానం తీర్పు వచ్చేవరకు చట్టంలో ఉండినదే. సగోత్ర వివాహాన్ని నిషేధించిన ఆచారం తెలిసినవారికి దీని స్వభావం వివరించనక్కరలేదు. ఇంటిపేరు మారినందువల్ల జున్‌సో, ఉన్‌సోల మధ్య చట్టం చెప్పే అడ్డంకి లేదు. రక్తం చెప్పే అడ్డంకీ లేదు. మిగిలినది ఒక్కటే: వారు ఒకే కంచం దగ్గర అన్నాచెల్లెళ్ళుగా పెరిగినారు.

పెద్దల వ్యతిరేకతను ఇక్కడ మూర్ఖత్వమని కొట్టివేయడం సరికాదు. రక్తమే బంధుత్వమని ఒకనాడు నిర్ణయించి బిడ్డలను మార్చుకొన్నవారు, ఇప్పుడు పెంపకమే బంధుత్వమని చెప్పి ఆ ఇద్దరినీ విడదీయచూస్తున్నారు. అప్పుడు ఒక కొలత, ఇప్పుడు మరొక కొలత. అయినప్పటికీ తల్లి స్థానంలో నిలిచి చూస్తే, తాను ఒకే చేత్తో అన్నం పెట్టిన ఇద్దరిని దంపతులుగా ఊహించుకోలేకపోవడం కపటం కాదు. వియోగానికి కారణమైన ఈ చిక్కుముడి చాలా గట్టిది. దానిని మనుషులే విప్పవలసి ఉన్నది. విప్పలేకపోతే ఆ వైఫల్యమైనా మనుషులదే కావలసి ఉన్నది.

సరిగ్గా అక్కడే రచన వెనుకంజ వేసింది. నాయికకు ప్రాణాంతకమైన వ్యాధి వచ్చింది. వ్యాధి రాగానే వాదించవలసినవారు మౌనం వహిస్తారు, కోపించినవారు క్షమిస్తారు, నిరాకరించినవారు ఆస్పత్రి మంచం ప్రక్కన చేతులు కట్టుకొని నిలబడతారు. ప్రశ్నకు సమాధానం దొరకదు. ప్రశ్న వేసిన మనిషి మాత్రం మరణిస్తుంది. ఉన్‌సో ఆరోగ్యంగా బ్రతికి ఉండి, 'ఒకప్పుడు రక్తం చూచి నన్ను పంపినారు, ఇప్పుడు పెంపకం చూచి వద్దంటున్నారు, నేను ఎవరిని?' అని ఆ ఇంటి వాకిట నిలిచి అడిగితే ఆ తల్లిదండ్రులు ఏమి చెప్పి ఉండేవారు? ఆ సన్నివేశం వ్రాయడం కష్టం. రక్తకాన్సరు వ్రాయడం తేలిక. పెద్దలు పరిహసించేది ఈ రెండవదానిని. వారు దానిని పరిహసించడంలో తప్పులేదు. వారి తప్పల్లా, దానిని చూచి మొదటిదానిని కూడా కొట్టివేయడం.

తరువాతి సంవత్సరాలలో ఈ తేలిక మార్గం కొరియా ధారావాహికలలో రాచబాట అయినది. 2003-04లో వచ్చిన 'స్టెయిర్‌వే టు హెవెన్'లో నాయికకు కంటి కాన్సరు. 2004 నాటి 'ఐ యామ్ సారీ, ఐ లవ్ యూ'లో నాయకుని తలలో తుపాకి గుండు నిలిచిపోయి ఉంటుంది. రెండవదానిలో, చిన్ననాడే దత్తతపేర విదేశానికి వెళ్ళిపోయిన బిడ్డ తిరిగివచ్చి కన్నతల్లిని వెదకడమన్న బలమైన ఇతివృత్తం ఉన్నది. 1953లో యుద్ధం ఆగినప్పటినుండి సుమారు రెండు లక్షలమంది పిల్లలను విదేశీయులకు దత్తత పంపిన దేశంలో అది కల్పన కానేకాదు. ఆ దత్తతలలో అక్రమాలు జరిగినాయనీ, అందులో ప్రభుత్వానికి బాధ్యత ఉన్నదనీ ఆ దేశపు సత్యశోధన సంఘమే 2025 మార్చిలో ప్రకటించింది. అంతటి ఇతివృత్తం చేతిలో ఉండికూడా తలలోని గుండు మీద ఆధారపడడం రచయితల అవిశ్వాసానికి గుర్తు. ప్రేక్షకుడు వ్యాధికి తప్ప అన్యాయానికి ఏడవడని వారు అనుకొన్నట్లున్నది.

కొరియా ప్రేక్షకులు అన్యాయానికీ వియోగానికీ ఏడవగలరని ఆ కె.బి.ఎస్. సంస్థకే తెలిసి ఉండవలసింది. 1983 జూన్ 30న ఆ సంస్థ యుద్ధంలో చెదరిపోయిన కుటుంబాలను కలిపే ప్రత్యక్ష ప్రసారం ఒకటి ప్రారంభించింది. కొద్దిసేపటి కార్యక్రమంగా మొదలైనది 138 రోజులు సాగింది. మొత్తం 453 గంటల 45 నిమిషాల ప్రసారం. 10,189 కుటుంబాల కలయిక. మెడలో పేరు, ఊరు, తప్పిపోయినవారి ఆనవాళ్ళు వ్రాసిన అట్టలు తగిలించుకొని వేలాదిమంది ప్రసార భవనం ముందు బారులు తీరినారు. ముప్పై ఏళ్ళ క్రితం విడిపోయిన అన్నను చెల్లెలు చెంపమీది మచ్చను బట్టియో, ఇంటి వెనుక చెట్టును గురించిన ఒక జ్ఞాపకాన్ని బట్టియో గుర్తుపట్టవలసి వచ్చేది. ఆ దృశ్యాలను దేశమంతా చూచింది. యునెస్కో 2015లో ఆ ప్రసార సామగ్రిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఇక 2000వ సంవత్సరంలో ఉభయ కొరియాల నాయకులు సమావేశమైన తరువాత, ఆగస్టు 15 నుండి 18 వరకు ఇరువైపులనుండి వందేసిమంది చొప్పున ఎన్నికై, విడిపోయిన తమవారిని కలుసుకొన్నారు. కలుసుకొని, మళ్ళీ విడిపోయినారు. సరిగ్గా నెలరోజులకు ఉన్‌సో కథ ప్రారంభమైనది. ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము గాని, దశాబ్దాల తరువాత ఎదురుపడిన తోబుట్టువు ముఖాన్ని పోల్చుకోవడమన్నది ఆ ప్రేక్షకులకు కల్పితకథ కాదని మాత్రం చెప్పవచ్చు.

దర్శకుడు కథాస్థలాన్ని ఎన్నుకోవడంలో ఈ ఎరుక కనిపిస్తుంది. ఉన్‌సో కన్నతల్లి ఇంటిని అతడు తూర్పు సముద్రతీరంలోని సోక్చో పట్టణంలో, అబాయి గ్రామంలో చూపినాడు. యుద్ధకాలంలో ఉత్తరాన ఉన్న హామ్‌గ్యోంగ్ ప్రాంతంనుండి పారిపోయి వచ్చినవారు కట్టుకొన్న పల్లె అది. 'అబాయి' అన్నది ఆ ప్రాంతపు మాండలికంలో పెద్దాయనను పిలిచే పిలుపు. యుద్ధం ముగియగానే ఇంటికి పోవచ్చునని సరిహద్దుకు దగ్గరగా ఇసుకమేటమీద గుడిసెలు వేసుకొన్నవారు మళ్ళీ ఇల్లు చూడలేదు. ఇల్లు పోయిన బాలికను ఇల్లు పోయినవారి ఊరిలో ఉంచడం – ఈ ధారావాహికలో ఒక్క మాట కూడా లేకుండా చెప్పిన గొప్ప విషయం ఇదే.

ఇక శోకానికీ వియోగానికీ గల భేదం. భరతముని నాట్యశాస్త్రంలోనే దీనిని స్పష్టం చేసినాడు. తిరిగి కలుసుకొంటామన్న ఆశ మిగిలి ఉంటే అది విప్రలంభ శృంగారం. ఆ ఆశ పూర్తిగా తెగిపోతే కరుణం. ఈ రెంటికీ నడుమ ఒక సన్నని తావును ఆలంకారికులు 'కరుణ విప్రలంభం' అన్నారు. బాణభట్టుని కాదంబరిలో పుండరీకుడు మరణించగా మహాశ్వేత ప్రాణత్యాగానికి సిద్ధపడుతుంది. చంద్రమండలంనుండి దిగివచ్చిన ఒక దివ్యపురుషుడు ఆ శరీరాన్ని తీసుకొనిపోతూ, నీవు ప్రాణాలు విడువవద్దు, మళ్ళీ కలుసుకొంటావని చెబుతాడు. ఆమె అచ్ఛోద సరస్తీరంలో తపస్విని అవుతుంది. మరణం ఉన్నది, ఆశ కూడా ఉన్నది.

యూన్ సోక్-హోకు ఈ మూడు స్థితులూ తెలిసినట్లే కనబడుతుంది. అతడు నాలుగు ఋతువుల పేర నాలుగు ధారావాహికలు తీసినాడు. రెండవది 2002 నాటి 'వింటర్ సొనాటా'. జపాన్ జాతీయ ప్రసార సంస్థ దానిని 2003లో ఉపగ్రహ ప్రసారంలోనూ, 2004లో సామాన్య ప్రసారంలోనూ చూపినప్పుడు ఆ దేశంలో నడివయసు స్త్రీలు సైతం నాయక పాత్రధారి బే యోంగ్-జూన్‌ను చూడడానికి వేల సంఖ్యలో విమానాశ్రయానికి తరలివచ్చినారు. దానిలో నాయకుడు చూపు కోల్పోతాడు గాని బ్రతుకుతాడు, ప్రేయసిని కలుసుకొంటాడు. అది విప్రలంభం. శరత్కాలపు కథ అట్లా కాదు. అయితే చిన్ననాడు ఉన్‌సో, తాను మరుజన్మలో చెట్టుగా పుట్టాలని కోరుకొంటుంది. చెట్టు ఒకసారి వేరూనితే కదలదు, ఎవరినీ విడిచి పోనక్కరలేదు అన్నది ఆమె భావం. తాను ఇల్లు విడిచిపోవలసి వస్తుందని ఆ పిల్లకు అప్పటికి తెలియదు. దేవతలు దిగివచ్చి వాగ్దానం చేయని కాలంలో, ఆ వాగ్దానాన్ని ఒక చిన్నపిల్ల తనకు తానే చేసుకొన్నది. మొత్తం పదహారు భాగాలలో శుద్ధమైన కవిత్వం ఎక్కడ ఉన్నదంటే ఈ కోరికలో ఉన్నది. ఆస్పత్రి సన్నివేశాలన్నీ కలిసినా దీనికి సరితూగవు.

(పెద్దయిన ఉన్‌సోగా సాంగ్ హే-క్యో, జున్‌సోగా సాంగ్ సుంగ్-హన్ సముచితంగానే నటించినారు. థేసోక్‌గా నటించిన వన్ బిన్ వారిద్దరికంటె బాగా గుర్తుండిపోతాడు. డబ్బుతో ప్రేమను కొనవచ్చునా, ఎంత కావాలి అని అడిగే ధనికుడు, అడిగిన మరుక్షణం తానే దిక్కులేనివాడుగా కనిపించడం ఆ నటుని ప్రతిభ.)

ముగింపును గురించి మాత్రం గట్టిగా చెప్పవలసినది ఉన్నది. దుఃఖాంతం పరాయిదన్న అభ్యంతరం ఇక్కడ పనికిరాదు. సంస్కృత నాటక లక్షణకారులు నాయకుని మరణాన్ని రంగస్థలంపై చూపరాదన్నారు. భవభూతి రామాయణకథలో సీతను భూమిలోకి పోనీయక రామునితో కలిపినాడు. అయినా భాసుని ఊరుభంగంలో దుర్యోధనుడు రంగంమీదనే కన్నుమూస్తాడు. తెలుగులో ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర నాటకాన్ని దుఃఖాంతంగా వ్రాసి, ఆదిలో ఆక్షేపణలకు గురియై, ఆపై కీర్తి పొందినాడు. కొరియావారికి కూడా విషాదాంతం ప్రాచీన సంప్రదాయమేమీ కాదు. ఒక గాయకుడు, ఒక మద్దెలవాడు కలిసి గంటల తరబడి వినిపించే అక్కడి 'పాన్‌సోరి' కథలలో ఎన్ని కష్టాలు పడినా చున్‌హ్యాంగ్ తన ప్రియుని కలుసుకొంటుంది. అంధుడైన తండ్రికోసం సముద్రంలో దూకిన సిమ్‌చోంగ్ రాణియై తిరిగివస్తుంది. కాలం మారినప్పుడు కథ ముగిసే తీరు మారడం సహజమే. ఉన్‌సో మరణించడం కథకు లోపం కావచ్చు గాని అపచారం కాదు.

ఆమె వెంటనే జున్‌సో కూడా మరణించడం వేరు విషయం. అది ప్రమాదమో, బ్రతకాలన్న కోరిక సన్నగిల్లినవాని ఏమరుపాటో ప్రేక్షకుడే ఊహించుకోవలసి ఉంటుంది. ఎట్లా ఊహించుకొన్నా, చుట్టూ ఉన్న ప్రకృతి శోభ, సంగీతం, అదే తావు, అదే లారీ అన్న పోలిక – అన్నీ కలిసి ఆ మరణాన్ని ఒక అందమైన పూర్ణత్వంగా తీర్చిదిద్దినాయి. ఈ తీర్పు సరియైనది కాదు. ఒక తల్లి ఇప్పుడే పెంచిన కూతురును పోగొట్టుకొన్నది. అదే వారంలో కన్నకొడుకును కూడా పోగొట్టుకోవలసి వచ్చింది. ఆ తల్లి ముఖాన్ని చివరి దృశ్యంలో ఒక్క నిమిషం చూపి ఉంటే, ప్రేమికుని మరణం అందంగా కనిపించడం సాధ్యమయ్యేది కాదు. షినే సంగతి సరేసరి. ఆమె జీవితమంతా అన్నగా పొందలేకపోయినవాడు, చివరకు ఉన్‌సో వెంటనే వెళ్ళిపోయినాడు. మహాశ్వేత చేతిలో జపమాల ఉన్నది, వీణ ఉన్నది, ఉదయాన చేయవలసిన పూజ ఉన్నది. ప్రేమించినవారు పోయిన తరువాత రెండవనాటి ఉదయం ఎట్లా గడుస్తుందో వ్రాయడం బాణుని కాలంలో ఎంత కష్టమో నేడూ అంతే కష్టం. యూన్ సోక్-హో ఆ ఉదయం వరకు పోలేదు. చిత్రకారుడైన జున్‌సో బ్రతికి ఉండి ఒక చెట్టు బొమ్మ వేసి ఉంటే ఆ చిన్ననాటి కోరిక కథలో మరొకసారి వేరూనేది. ఆ అవకాశం చేజారింది.

ఇంత చెప్పిన తరువాత కూడా మొదటి భాగాలలోని బలం తగ్గదు. ఈ కథను ఫిలిప్పీన్స్ దేశంలో 2010లో స్థానిక నటీనటులతో మళ్ళీ తీసినారు. 2000వ సంవత్సరంలో ఒక తీవ్రవాద సంస్థ హిందీ చిత్రాలను నిషేధించిన తరువాత మణిపూర్ రాష్ట్రంలో కొరియా ప్రసారాలకు విశేషమైన ఆదరణ లభించింది. భాష తెలియని ఇళ్ళలో కూడా ఈ కథలు అర్థమైనాయంటే కారణం వ్యాధి కాదు. వ్యాధి ఎక్కడైనా ఉన్నదే. ఇంటినుండి ఒక పిల్లను పంపివేయడం, ఆ పిల్ల గది ఖాళీగా ఉండిపోవడం ఎవరికైనా తెలుస్తుంది.

అబాయి గ్రామానికీ పట్టణానికీ నడుమ సన్నని కాలువ వంటి నీటిపాయ ఉన్నది. దానిని దాటడానికి ఇంజను లేని బల్లకట్టు ఒకటి నడుస్తుంది. ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డుకు కట్టిన ఇనుప తీగను కొక్కెంతో పట్టి లాగితే అది కదులుతుంది. ఎక్కినవారు కూడా ఒక చెయ్యి వేయవచ్చు. ధారావాహిక ప్రసారమైన తరువాత దానిని చూడడానికి యాత్రికులు రావడం మొదలైనది. ఉన్‌సో ఇల్లు ఏదని వారు అడుగుతారు, అక్కడివారు చూపుతారు. ఉత్తరాన విడిచివచ్చిన తమ ఇళ్ళ సంగతి ఆ ఊరి వృద్ధులను అడిగేవారు తక్కువ. ఆ తరంవారిలో ఇప్పుడు మిగిలినవారూ తక్కువే.